ఇనుము కాలదన్న రాజేశం

కరీంనగర్‌లో రాజేశ్వరాచారి దివంగతుడయ్యాడన్న వార్త నాకు చెన్నూరులో, మా బడి ఆవరణలో, ఒక లారీ డ్రైవరు నోట అందింది. "పంతులూ, మీ బావ పాణం ఇడిసిండు. పొద్దుగాల చాయ్ తాగుకుంట తాగుకుంటనే కూలవడ్డడట. మీ అక్క నిన్ను జల్ది రమ్మన్నది" అని చెప్పి అతను లారీ ఎక్కి వెళ్లిపోయాడు. నేను నిశ్చేష్టుణ్ణయి ఎండలో అలాగే నిలబడిపోయాను. అది దుఃఖమని చదువరులు భ్రమపడకూడదు. ఆ మనిషికీ నాకూ మధ్య తేలవలసిన మాట ఒకటి ఏళ్ల తరబడి మిగిలి ఉంది. అది తేల్చకుండానే వెళ్లిపోయాడన్న ఉక్రోషం నన్ను అక్కడ నిలబెట్టింది.

మన విశ్వబ్రాహ్మణ మాసపత్రిక సంపాదకులు "మీ బావగారిని గురించి నాలుగు మంచి మాటలు రాయండి" అని కోరారు. మంచి మాటలకు కరువేముంది? శ్మశానంలోనే పెద్దమనుషులు వరుసగా ఉపన్యసించారు. ఒకరు ఉక్కుమనిషి అన్నారు. మరొకరు కరీంనగర్, ఆదిలాబాదు, ఈ రెండు జిల్లాలకు ఇనుప కట్టడాన్ని తెచ్చిన భగీరథుడన్నారు. ఆ ఉపన్యాసకుల్లో కొందరు, ఆయన బతికున్నంత కాలం ఆయన్ని తమ కార్యాలయపు మెట్టు కూడా ఎక్కనివ్వని కాంట్రాక్టర్లు. మైకు లేకపోయినా వాళ్ల గొంతులు మానేరు వాగు దాకా వినిపించాయి. నిజమే రాస్తాను, లేదంటే నన్ను వదిలేయండి అన్నాను. సంపాదకులు సరేనన్నారు. కాబట్టి ఇది స్తోత్రం కాదు.

రాజేశ్వరాచారి, మా ఇంటివాళ్లకు రాజేశం, మా మేనత్త కొడుకు. తండ్రి పోయిన తర్వాత మా ఇంటనే పెరిగి, మా బాపు నర్సయ్య మేస్త్రి దగ్గర వడ్రంగం నేర్చాడు. మా బాపు పేరు గోదావరి ఒడ్డు ఊళ్లలో ఎరగనివారు లేరు. దొరల గడీలకు, దేవాలయాలకు, ధాన్యపు గోదాములకు టేకు కప్పులు ఎత్తిన చెయ్యి ఆయనది. ఇనుప మేకు ముట్టకుండా దూలంలోకి దూలాన్ని దిగేసి అతికేవాడు. ఆయన శిష్యకోటిలో అగ్రగణ్యుడు రాజేశమే. అందుకే మా సరోజనక్కను ఆయనకిచ్చి వివాహం చేశారు. పెళ్లయిన కొన్నాళ్లకే ఆయన సికింద్రాబాదు రైల్వే కార్ఖానాలో చేరి మొదట కొలిమి దగ్గర, తర్వాత వంతెనలు బిగించే గుంపులో పనిచేశాడు. పోలీసు చర్య ముగిసి దేశం కుదుటపడ్డాక అక్కను తీసుకొని కరీంనగర్ చేరాడు. ఆ వచ్చినవాడు మా బాపు పంపిన రాజేశం కాడు. ఇనుము తప్ప మరో పదార్థం సృష్టిలో లేదన్నట్టు మాట్లాడే మనిషి.

మా కొట్టంలో చిత్రిక పడుతున్న బాపు ఎదుట కూర్చొని ఆయన మొదటిసారి చేసిన ప్రసంగం నాకింకా చెవుల్లో ఉంది.

"మామా, గిప్పుడు బొంబాయిల పెద్ద పెద్ద ఇమారతులన్నీ ఇనుప స్తంభాల మీదనే లేస్తున్నయి. బరువు గోడ మొయ్యది. మన పెయ్యిల బొక్కలున్నట్టు లోపట ఇనుము, మీద తోలు లెక్క గోడ. ముందుగాల ఇనుం నిలవెట్టి, కప్పేసి, గోడ ఎన్కసీరి కట్టుకోవచ్చు. నడుమ ఒక్క స్తంభం లేకుంట గింతంత జాగ కప్పొచ్చు."

"మరి కట్టె పాపం ఏం జేసిందిరా?" అన్నాడు బాపు.

"కట్టెకు చెదలు వడతది, వంగుతది, కాలుతది. ఇనుము కాలదు మామా."

బాపు తలెత్తలేదు. "కట్టెకు బరువెక్కువైతె కిర్రుమని ముందుగాల చెప్తది. కింద ఉన్నోడు ఉరుకుతడు. మీ ఇనుం చెప్తదా?" అన్నాడు.

రాజేశం నవ్వాడు. గురువు మాటకు శిష్యుడు నవ్వకూడని నవ్వు అది. పక్కనే కూర్చున్న మా తమ్ముడు బ్రహ్మం కూడా ఆ నవ్వులో కలిశాడు. నేను మాత్రం ఆ రోజు నుంచి ఆ నవ్వును ద్వేషించాను.

ఆదిలాబాదులో పత్తి జిన్నింగు మిల్లు పెట్టిన ఒక యజమాని, కొత్త షెడ్డుకు కప్పు వేసే పని మా బాపుకే మాట ఇచ్చాడు. అంతకుముందు ఆ ఆవరణలోని గోదాముకు టేకు కప్పు వేసింది బాపే. ఆ మాట మీద బాపు అడవికి వెళ్లి ఒక్కొక్క దుంగను తట్టి చూసి ఎంచుకొని, కోయించి నీడన ఆరబెట్టించాడు. రాజేశం ఆ సంగతి తెలిసే వెళ్లి యజమానిని కలిశాడు. యంత్రాలు ఎటంటే అటు జరుపుకోవచ్చన్నాడు. వానాకాలం లోపలే కప్పు లేస్తుందన్నాడు. నిప్పు భయమే ఉండదన్నాడు. పత్తి మిల్లువాడికి ఈ చివరి మాట కన్నా మధురమైనది ఏముంటుంది? పని చేతులు మారింది. మా బాపు ఎవరినీ నిందించలేదు. దసరాకు పుట్టింటికి వచ్చిన అక్కతో మాత్రం, "బిడ్డా, నీ పెనిమిటి నా నోటికాడి బువ్వ గుంజుకున్నడు. ఇగ గీ ఇంటికి రాకు" అన్నాడు. అక్క తెచ్చిన మూట విప్పకుండానే తిరిగి బస్సెక్కింది. ఆమె చేసిన అపరాధమేమిటో ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు.

నేను ఆయనకు శత్రువునైనా కళ్లతో చూసిన దాన్ని కాదనలేను. ఆ షెడ్డు లేస్తుండగా చూద్దామని నేనూ వెళ్లాను. ఇనుప స్తంభాలు వరుసగా నిలిచాయి. గొలుసు కప్పీలతో దూలాలు పైకి లేచాయి. కొలిమిలో ఎర్రగా కాల్చిన రివిట్లను కిందివాడు పట్టకారుతో విసిరితే పైవాడు డబ్బాతో పట్టుకొని రంధ్రంలో దూర్చేవాడు. సమ్మెట దెబ్బలకు ఊరంతా మోగింది. చూస్తుండగానే గోడలు లేని మహాసౌధపు అస్థిపంజరం ఆకాశం కింద నిలబడింది. ఇచ్చోడ నుంచి పత్తి తెచ్చిన రైతులు బండ్లు ఆపి నోళ్లు తెరిచి చూశారు. అన్నిటికన్నా పై దూలం మీద రాజేశం, ఇంటి అరుగు మీద పచార్లు చేసినట్టు నడుస్తున్నాడు. కింద బ్రహ్మంతో పాటు నిలబడ్డ మా బాపు శిష్యులను చూసి అరిచాడు: "ఏందిరా, మొఖాలు లేపి చూసుడేనా? బాడిశలు పక్కకు పారేసి మీదికి రాండ్రి. ఇగ కట్టెపని మోటు పనే!"

వాళ్లు పైకెక్కారు. ఏడాది తిరిగేసరికి మా కొట్టం ఖాళీ అయింది. గడీల కప్పులు ఎత్తిన మా బాపు మంచం కోళ్లు, నాగళ్లు చెక్కుతూ కూర్చున్నాడు. చివరికి బ్రహ్మం కూడా బావ దగ్గరికే పోయాడు. మా ఇంట అందరికన్నా చిన్నవాడు వాడు. మీసం సరిగా రాకముందే బావ నడక, బావ మాట వాడికి వచ్చేశాయి. ఆదిలాబాదు మిల్లులో ఫిట్టరుగా వాణ్ణి పెట్టించింది రాజేశమే. "బాపూ, నువ్వొక్కసారొచ్చి చూడు, ఎట్ల మెరుస్తుంటదో!" అని వాడు బతిమాలినా బాపు వెళ్లలేదు.

ఇక రాయడానికి నా చెయ్యి మొరాయించే ఘట్టం. అది ఎండాకాలపు మధ్యాహ్నం. మిల్లులో పత్తి అంటుకుంది. నేను అక్కడ లేను. బ్రహ్మం బయటికి తెచ్చి పడేసిన పత్తికూలీ కనకమ్మ మా ఇంటికి వచ్చి, బాపు కాళ్ల దగ్గర కూర్చొని చెప్పింది ఇది:

"నన్ను బయటికి నూకి మల్ల లోపటికి వురికిండు. ఇంకా ఆడోళ్లున్నరు అన్నడు. నేను చెయ్యి వట్టి గుంజిన, వద్దు కొడుకా అన్న. 'ఇడువు అక్కా, కప్పు ఇనుముది. అది కాలదు, మా బావ చెప్పిండు' అని ఇడిపిచ్చుకొని పోయిండు. గంతే. మీద దూలాలు ఎర్రగై, ఎండల వెట్టిన మైనం లెక్క వంగినయి. సప్పుడు సుత రాలే. ఒక్కపారే రేకులన్ని కిందికొచ్చినయి."

అదే మంట పక్కనున్న పాత గోదామునూ కమ్మింది. మా బాపు వేసిన టేకు దూలాలు పైన బొగ్గయ్యాయి, కానీ నిలబడ్డాయి. మరునాడు నేను వెళ్లి చాకుతో బొగ్గు గీకి చూశాను. లోపల కట్టె తన రంగులోనే ఉంది. ఆ కప్పు కింద నిలబడి, ఎదురుగా ముద్దలై పడివున్న ఇనుప కప్పును చూస్తూ నేను ఏడవలేదు. పళ్లు కొరికాను.

ఆ రోజే పోలీసుల ముందు మిల్లు యజమాని, "లోపట ఎవడో బీడీ తాగిండు. ఇంకెవడు, గా సచ్చిపోయిన ఫిట్టరు పోరడే అయ్యుంటడు" అన్నాడు. చచ్చినవాడి మీద తోస్తే అడిగేవాడుండడని లెక్క. అప్పుడే కరీంనగర్ నుంచి దిగిన రాజేశం, చెప్పులు కూడా లేకుండా బూడిదలో నడిచి వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"వాడు బీడీ తాగడు. మంట ఎట్ల లేసిందో నాకెరుకలేదు. కని వాడు సచ్చింది మంటకు గాదు, నా కప్పుకు. నా కప్పు కూలింది. గట్లనే రాసుకోండ్రి" అన్నాడు.

యజమాని ఆయన చొక్కా పట్టి వెనక్కి లాగాడు. ఈయన విదిలించుకొని మళ్లీ అదే మాట అన్నాడు. ఆ మాట వల్ల చాలాకాలం ఆయనకు ఈ రెండు జిల్లాల్లో ఎవరూ పని ఇవ్వలేదు. శ్మశానంలో ఉపన్యసించినవారు దీనికే ఆయన్ని సత్యహరిశ్చంద్రుడితో పోల్చారు. సత్యం చెప్పాడు, ఒప్పుకుంటాను. సత్యం చెప్పినంత మాత్రాన మా బ్రహ్మం లేచి రాలేదు.

రాజేశం చావింటికి వచ్చాడు. అక్క గడప బయటే కూలబడింది. బాపు గోడకు చేరగిలబడి కూర్చొని ఉన్నాడు. ఆయన అడిగిన తీరు, బడిలో పిల్లవాణ్ణి పాఠం అడిగినట్టు ఉంది.

"కార్ఖానల నువ్వు ఏం పని చేసినవ్‌రా?"

"కొలిమి కాడ, మామా."

"కొలిమిల ఇనుం ఏమైతుండె?"

"ఎర్రగైతుండె. మెత్తగైతుండె."

"దినాం చూస్తివి గద?"

"దినాం చూసిన."

"మరి కాలదని ఎట్లన్నవ్?"

రాజేశం నేల చూస్తూనే అన్నాడు: "ఎరుకే మామా. యాది చేసుకోలే."

బాపు లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆయనతో మాట్లాడలేదు. తెలియక చేసినవాణ్ణి లోకం క్షమిస్తుంది. తెలిసి, పేరు మోజులో పడి, తెలిసినదాన్ని తలచుకోని వాణ్ణి ఏమనాలి? నేను ఊరుకోలేక, "బావా, గా పొద్దు దూలం మీద నడుస్తుంటె నీకు కింద బ్రహ్మం కనవడలేదా?" అని అడిగాను. జవాబు చెప్పకుండా వెళ్లిపోయాడు. నాకు తేలవలసి ఉన్న మాట అదే. ఇక అది తేలదు.

మరుసటి చలికాలంలో బాపు పోయాడు. రాజేశం పాడె పట్టబోతే పాత శిష్యులు అడ్డుకున్నారు. వాళ్లలో ఆయన వెంట ఇనుప పనికి పోయి తిరిగి వచ్చినవారూ ఉన్నారు. ఆయన వాదించలేదు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకొని, శవయాత్రకు చాలా వెనక గోదావరి దాకా నడిచి వచ్చాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. రమ్మని పిలవలేదు. ఈ రోజు రాస్తున్నప్పుడు కూడా పిలిచి ఉండవలసిందని నాకు అనిపించడం లేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత పట్టణాల్లో మిల్లులు, టాకీసులు, ఆసుపత్రులు మొలిచాయి. ఇనుప పని ఎరిగినవారు తక్కువ గనక రాజేశాన్ని మళ్లీ పిలవక తప్పలేదు. అయితే ఆయన ఒక షరతు పెట్టడం మొదలుపెట్టాడు. ప్రతి ఇనుప స్తంభానికీ చుట్టూ ఇటుక కట్టాలి. దూలాలకు కాంక్రీటు తొడగాలి. మంట లేస్తే ఇనుముకు నేరుగా తగలకూడదు. రెండు వైపులా వెడల్పాటి తలుపులు ఉండాలి, అవి బయటికే తెరుచుకోవాలి. ఒప్పుకోకపోతే, యజమాని ఎంతటివాడైనా రాజేశం ఆ పని ముట్టేవాడు కాడు. "ఇనుం మీద నాకు ఇష్వాసం లేదు. దాని సుట్టు నేను గట్టిన ఇటుక మీదనే ఉన్నది" అనేవాడట.

కరీంనగర్‌లో ఒక టాకీసు యజమాని మొదట సరేనని, దూలాలు లేచాక మాట మార్చాడు. "నీ పని ఇనుం నిలవెట్టుడు. దానికి దుప్పటి కప్పుడు గాదు" అన్నాడు. "గీడ ఆడోళ్లు పిల్లలు కూసుంటరు. ఒట్టి ఇనుం కింద కూసోవెట్ట" అని రాజేశం. "పో, ఇంకొకనితోని చేపిచ్చుకుంట" అని యజమాని. మర్నాడు రాజేశం తన మనుషులను పైకెక్కించి, బిగించిన బోల్టులన్నీ విప్పించి, దూలాలను ఒక్కొక్కటిగా నేలకు దించేశాడు. బజారంతా గుమిగూడింది. యజమాని తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగినవి కావు. చివరికి ఆయనే దిగివచ్చి ఇటుక తోలించాడు. దీన్ని రాజేశం సద్గుణానికి దృష్టాంతంగా చెబుతారు. నాకు అందులో పాత అహంకారమే కనిపించింది. ముఖం మాత్రం ఇటు తిప్పుకుంది. అది ఇటు తిరగడానికి అయిన ఖర్చు మా బ్రహ్మం.

పైగా ఆయన దుర్వాసుడయ్యాడు. స్తంభం అడుగున జానెడు ఇనుము బయటికి కనిపించిందని ఒక మేస్త్రిని అందరి ముందు చెంపమీద కొట్టాడు. ఇంట్లో అక్కతో పొడి మాటలే. పండుగ పూట కూడా నవ్వు లేదు. ఒకసారి బాసరకు పోదామని అక్క ఎన్నాళ్లో బతిమాలితే తీసుకెళ్లి, అమ్మవారి దర్శనం వదిలేసి, యాత్రికుల సత్రానికి కొత్తగా వేస్తున్న ఇనుప కప్పు దగ్గర నిలబడి అక్కడివాళ్లతో కొట్లాడాడట. అక్క ఒంటరిగానే గుడిలోకి వెళ్లి వచ్చింది.

మా చెన్నూరు బడికి కూడా వచ్చాడు. ఎవరూ పిలవలేదు. ఎవరో కాంట్రాక్టరు మాకు కొత్త గది వేశాడని విన్నాడట. తరగతి జరుగుతుండగా తలుపు దగ్గర నిలబడి కప్పంతా కలియజూశాడు. మేమిద్దరం మాట్లాడుకొని అప్పటికి ఏళ్లయింది. నా వైపు చూడకుండా హెడ్మాస్టరుతో, "పంతులుకు చెప్పుండ్రి, మూలకు దూలం అతుకు మంచిగ లేదు. బాగు చేసేదాక పిల్లలను గాడ కూసోవెట్టొద్దని" అన్నాడు. నేనూ హెడ్మాస్టరుతోనే, "మేస్త్రికి చెప్పండి, నా తరగతి సంగతి నాకు తెలుసునని" అన్నాను. ఆయన వెళ్లిన తర్వాత పిల్లల్ని ఆ మూల నుంచి లేపి ఇటు కూర్చోబెట్టాను. కోపం ఆయన మీద గాని, పిల్లల మీద కాదు గదా.

కర్మకాండ ముగిసిన తర్వాత ఆయన సామాను తెచ్చుకోవాలని అక్క అంటే, పెద్దపల్లి దగ్గర ఆయన చివరగా పనిచేస్తున్న మిల్లుకు ఇద్దరం వెళ్లాం. దూలాలు లేచి ఉన్నాయి. ఎర్ర రంగు పూసిన స్తంభాలు ఒట్టిగా నిలబడి ఉన్నాయి. చుట్టూ కట్టడానికి తెప్పించిన ఇటుకను కూలీలు లారీకి ఎత్తుతున్నారు. ఆయన దగ్గర పని నేర్చిన లింగయ్య ఇప్పుడక్కడ మేస్త్రి.

"ఇటుక ఏడికి పోతున్నది లింగయ్యా?" అంది అక్క.

"యాపారి వాపసు పంపుమన్నడు వదినె. అన్న ఉన్నప్పుడు అన్న మాట నడిచింది. ఇగ గిదంతా ఎందుకన్నడు."

"నువ్వేమన్నవ్?"

"నేనేమంట వదినె? నా మాట ఎవలింటరు?"

నేను ముందుకు వెళ్లి, "మా తమ్ముడు గిసొంటి ఒట్టి ఇనుం కిందనే సచ్చిండు. నీకెరుక లేదా?" అన్నాను. లింగయ్య నొచ్చుకోకుండానే అన్నాడు: "మీ దుఃఖం నాకు తెల్వదా పంతులూ? కని ఇనుం పని మీకేమెరుక?"

ఇంతలో మిల్లు యజమాని వచ్చి, అక్కకు నమస్కారం పెట్టి, "మేస్త్రి శానా మంచి మనిషి. జర చాదస్తం, గంతే" అని, లారీ వాణ్ణి తొందర పెట్టాడు. శ్మశానంలో భగీరథుడన్నది ఈయనే. అక్క మిగిలిన ఇటుకల మీద కూర్చుండిపోయింది. పైన దూలాలు చూస్తూ, "గా మనిషే ఉంటె గీ పాటికి మీదికెక్కి బోల్టులు ఇప్పుతుండె. ఇగ ఎవలు దించుతరు తమ్మీ?" అంది. అప్పుడు ఏడ్చింది. శ్మశానంలో కూడా అంతగా ఏడవలేదు.

రాజేశం మా బాపుకు అన్నం పెట్టే పని లాక్కున్నాడు. మా తమ్ముణ్ణి ఒక అబద్ధం నమ్మించి చంపాడు. మా అక్కకు సుఖమంటే ఏమిటో చూపలేదు. ఈ మూడింటినీ నేను క్షమించలేదు. చచ్చాడు కదా అని ఇప్పుడు క్షమించను. అయినా ఆ మిట్టమధ్యాహ్నం, ఆ ఒట్టి ఇనుము కింద నిలబడి, ఆ మనిషి ఇంకొన్నేళ్లు బతికి ఉండవలసిందని నేను మనసారా కోరుకున్నాను. ఆయన చేసిన తప్పుకు మూల్యంగా మేము బ్రహ్మాన్ని ఇచ్చాం. దానివల్ల ఆయన నేర్చినది కూడా ఆయనతోనే మట్టిలో కలిసిపోతే, వాడు ఉత్త పుణ్యానికి పోయినవాడవుతాడు. ఆయన పటానికి పూలదండలు వేసిన మిల్లు యజమానులు, టాకీసు యజమానులు, కాంట్రాక్టర్లు ఈ మాట చెవిన వేసుకోవాలి: ఆయన్ని గౌరవించే పద్ధతి ఉపన్యాసం కాదు, ఇటుక. మీలో ఎవరికైనా ఆ ఖర్చు చాదస్తమనిపిస్తే మీ పనివాళ్లతో పాటు ఆ కప్పు కింద మీరూ కూర్చోండి.

కోపిష్ఠి, అహంకారి, నాకు చివరిదాకా విరోధి అయిన రాజేశ్వరాచారికి నా నమస్కారం. ఎత్తిన దూలాలు దించగలిగినవాడు ఈ రెండు జిల్లాల్లో ఆయనొక్కడే. పెద్దపల్లి మిల్లుకు వచ్చే నెల రేకులు వేస్తున్నారు.